సృజనాత్మక కళా చికిత్స: బోటాటౌంగ్, యాంగూన్

సృజనాత్మక కళా చికిత్స అంటే బొమ్మలు గీయడం, మట్టిపని, సంగీతం, నాట్యం, నాటకం, రచన వంటి కళల ఆసరాతో, శిక్షణ పొందిన థెరపిస్టు దగ్గర మనోవేదనకు చేయించుకునే చికిత్స. బొమ్మ అందంగా వచ్చిందా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. గీత వంకరపోవచ్చు, శ్రుతి తప్పవచ్చు. గీస్తున్నప్పుడు మనిషిలో ఏం కదిలింది, గీశాక ఆ కాగితం వైపు చూసి ఏమన్నాడు, ఆ మాట వినడానికి ఎదుట ఎవరున్నారు అన్నవే లెక్క. బాధపడే మనిషి, అతని చేతిలోని రంగో మట్టో, పక్కన ఓపికగా చూసే ఇంకో మనిషి కలిస్తేనే దాన్ని చికిత్స అంటారు. పక్కన చూసే మనిషి లేనప్పుడు అది కాలక్షేపం కావచ్చు, ఉపశమనం కావచ్చు, గొప్ప కళ కూడా కావచ్చు. ఈ వ్యాసానికి ముడిసరుకు ఆ పక్కన కూర్చున్న మనిషే.

యాంగూన్ నగర కేంద్రానికి తూర్పు కొసన, నది ఒడ్డున ఉన్న పేట బోటాటౌంగ్. బర్మా భాషలో ‘బో’ అంటే సేనాని, ‘తటౌంగ్’ అంటే వెయ్యి. బుద్ధుని కేశాలను ఓడలో తెచ్చినప్పుడు వెయ్యిమంది సేనానులు ఈ ఒడ్డున నిలబడి స్వాగతం పలికారని స్థలపురాణం. ఒకవైపు రేవు, ఒకవైపు పగోడా, ఇంకొంచెం లోపలికి బ్రిటిష్ వారి ఎర్ర ఇటుకల సచివాలయం, సెయింట్ మేరీ కెథీడ్రల్. నడిచి చుట్టేయగల ఈ కాస్త చోటులో ఒక శతాబ్దపు గాయాలు పోగుపడ్డాయి. అందుకే ఇక్కడ కథ చికిత్సాలయం గుమ్మంలో మొదలుకాదు, రేవులో మొదలవుతుంది.

రంగం

తెలుగువాళ్ళు యాంగూన్‌ని, అంటే నాటి రంగూన్‌ని, ‘రంగం’ అన్నారు. ‘రంగం వెళ్ళాడు’ అంటే పొట్ట చేత పట్టుకుని ఓడెక్కాడని అర్థం. అదే మాటకు తెలుగులో నాటకం ఆడే వేదిక అనీ అర్థం ఉంది. సికింద్రాబాదు ఉజ్జయిని మహాకాళి బోనాల్లో పచ్చికుండ మీద నిలబడి ఒక స్త్రీ భవిష్యవాణి చెప్పే ఘట్టాన్నీ రంగమనే అంటారు. వలస, నటన, పూనకం ఒకే మాటలో ఇమడటం కాకతాళీయమే కావచ్చు. ఈ విషయం రాసేవాడికి మాత్రం అది పట్టుకోదగ్గ దారం.

గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు నుంచి వచ్చారని బర్మాలో తెలుగు కూలీలను ‘కోరంగీలు’ అన్నారు. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు ఓడల్లో బియ్యం బస్తాలు ఎక్కించారు, రిక్షాలు లాగారు, మిల్లుల్లో పనిచేశారు. 1931 జనగణన నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. వచ్చినవారిలో ఎక్కువమంది మగవాళ్ళు, పెళ్ళాంబిడ్డలను ఊళ్ళో వదిలి వచ్చినవాళ్ళు. ఒంటరితనం అనే జబ్బుకు ఆ రోజుల్లో పేరు పెట్టినవారు లేరు.

1930 మే 5న బాగో భూకంపం యాంగూన్‌ను కూడా కుదిపింది. మూడు వారాలకు, మే 26న, రేవులో కొట్లాట మొదలైంది. తెలుగు హమాలీలు సమ్మె కట్టినప్పుడు ఓడల సరుకు దింపించే కాంట్రాక్టర్లు వారి చోట బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తీరి తెలుగువాళ్ళు తిరిగి రాగానే బర్మా వారిని పొమ్మన్నారు. రెండు పేదల గుంపులను ఒకే పని మీదికి ఎగదోశాక జరిగేదే జరిగింది. వందమందికి పైగా చనిపోయారు, వారిలో అత్యధికులు తెలుగువారు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. లక్షలమంది భారతీయులు అరకాన్ దారిన, మణిపూర్ కొండల దారిన కాలినడకన స్వదేశానికి బయలుదేరారు. వేలకువేలు దారిలోనే పోయారు. 1943 నవంబరు 8న మిత్రరాజ్యాల బాంబులకు బోటాటౌంగ్ పగోడా నేలమట్టమైంది. 1947 జులై 19న బర్మా స్వాతంత్ర్య నాయకుడు ఆంగ్ సాన్‌ను, ఆయన సహచర మంత్రులను సచివాలయంలోనే కాల్చి చంపారు. పదిహేడేళ్ళలో ఒకే పేట ఇన్ని చూసింది.

పగోడాను స్వాతంత్ర్యం వచ్చిన 1948లో మళ్ళీ కట్టడం మొదలుపెట్టారు. మామూలుగా స్తూపం లోపల గట్టిగా ఉంటుంది, లోనికి వెళ్ళే వీలుండదు. దీన్ని మాత్రం లోపల బోలుగా కట్టారు. బంగారు తొడుగు వేసిన ఇరుకు గోడల మధ్య మలుపులు తిరుగుతూ జనం నడుస్తారు. శిథిలాల్లో దొరికిన ధాతువులు ఆ నడిమధ్యన ఉంటాయి. కూలినదాన్ని ఉన్నదున్నట్టు మళ్ళీ కట్టకుండా, లోపలికి వెళ్ళి చూసేలా కట్టడం కళా చికిత్సకు పనికొచ్చే ఉపమానం. ఉపమానాన్ని అక్కడే వదిలేద్దాం.

ఎక్కడ పుట్టింది

కళ బాధను తీరుస్తుందన్న మాట పాతది. శ్రమతోనో శోకంతోనో అలసినవారికి నాట్యం విశ్రాంతినిస్తుందని భరతుడి నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలోనే ఉంది. అరిస్టాటిల్ విషాదనాటకం గురించి చెప్పిన ప్రక్షాళన కూడా ఈ దారిదే. వృత్తిగా నిలబడింది మాత్రం రెండో ప్రపంచయుద్ధం వేళ. క్షయతో ఇంగ్లండులోని ఒక శానిటోరియంలో మంచం పట్టిన చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ తనకోసం గీసుకుంటూ, తోటి రోగుల చేత కూడా గీయించాడు. 1942లో దానికి ‘ఆర్ట్ థెరపీ’ అని పేరు పెట్టాడు. అదే ఏడు అమెరికాలోని సెయింట్ ఎలిజబెత్స్ మానసిక ఆసుపత్రిలో మేరియన్ చేస్ అనే నర్తకి రోగులతో నాట్యం మొదలుపెట్టింది. మాట్లాడని రోగి ఎలా ఊగుతుంటే ఆమె అలాగే ఊగేది. ‘నిన్ను చూశాను’ అని మాటల్లేకుండా చెప్పడమన్నమాట. నాటకాన్ని చికిత్సగా వాడే సైకోడ్రామా అంతకు ముందే జేకబ్ మోరెనో చేతిలో రూపం తీసుకుంది. అమెరికాలో సంగీత చికిత్సకుల సంఘం 1950లో, నాట్య చికిత్సకుల సంఘం 1966లో, చిత్రకళా చికిత్సకుల సంఘం 1969లో ఏర్పడ్డాయి.

ఈ చరిత్రలో ఇద్దరు స్త్రీలను విడిగా చెప్పుకోవాలి. నాజీలు యూదులను బంధించిన టెరెజీన్‌లో ఫ్రీడల్ డికర్ బ్రాండైస్ పిల్లల చేత దొంగచాటుగా బొమ్మలు వేయించింది. 1944లో ఆమెను ఆష్విట్జ్‌కు తరలించి చంపారు. వెళ్ళేముందు ఆమె రెండు పెట్టెల్లో దాచిన దాదాపు 4,500 బొమ్మలు మిగిలాయి. ఆమె దగ్గర నేర్చుకున్న ఈడిత్ క్రేమర్ అమెరికా చేరి, పిల్లల చిత్రకళా చికిత్సకు పునాదులు వేసినవారిలో ఒకరైంది. బ్రెజిల్‌లో డాక్టర్ నీజె ద సిల్వేరా విద్యుత్ షాక్ ఇవ్వనని మొండికేసి, 1946 నుంచి తన రోగులకు రంగులిచ్చింది. ఆ బొమ్మలతో 1952లో మ్యూజియమే పెట్టింది. అంటే ఈ చికిత్స పుట్టింది క్షయ వార్డులో, చెరలో, పిచ్చాసుపత్రిలో. సుఖంగా ఉన్నవాళ్ళ వారాంతపు వర్క్‌షాపుగా మారింది తర్వాత.

ఎలా పనిచేస్తుంది

భయంకరమైనది జరిగినప్పుడు నోట మాట పడిపోయింది అంటాం. అది ఉత్త అలంకారం కాదు. 1996లో స్కాట్ రౌచ్ బృందం తీవ్ర మానసిక గాయం ఉన్నవారికి ఆ ఘటనను గుర్తుచేస్తూ మెదడును స్కాన్ చేసినప్పుడు, మాట పలికించే బ్రోకా ప్రాంతంలో చురుకు తగ్గినట్టు కనిపించింది. చిన్న అధ్యయనమే, అయినా థెరపిస్టులు ఏళ్ళుగా చూస్తున్నదానికి ఒక ఆనవాలు దొరికింది. మాట రానప్పుడు చేతికి పని చెప్పాలి. లోపల గిరగిర తిరిగేది కాగితం మీదికి వస్తే అది ‘నేను’ నుంచి విడివడి ‘అది’ అవుతుంది. దాన్ని చూడొచ్చు, పక్కన పెట్టొచ్చు, చింపొచ్చు, రేపు మళ్ళీ తీయొచ్చు.

చేతికిచ్చే వస్తువుకూ గుణం ఉంటుంది. పెన్సిలు, స్కెచ్‌పెన్ను చెప్పినట్టు వింటాయి. అదుపు తప్పుతుందన్న భయం ఉన్నవారికి అవి నయం. నీటిరంగు జారిపోతుంది, బిగుసుకుపోయినవారిని వదులు చేస్తుంది. వరదలాంటి ఏడుపులో ఉన్నవాడికి అదే ఇస్తే మునిగిపోతాడు. బంకమట్టి ఎదురు తిరుగుతుంది, కోపానికి పని కల్పిస్తుంది. 1978లో కేగిన్, లూసెబ్రింక్ ఈ పరిశీలనలను ఒక క్రమంలో పెట్టారు. ఏ రోజు ఏ మనిషికి ఏది ఇవ్వాలో తెలియడమే థెరపిస్టు నేర్పులో సగం. సంగీతంలో కూడా ఇలాంటిదే ఒక సూత్రం ఉంది. దిగులుగా ఉన్నవాడి ముందు ఉషారు పాట పెట్టరు. దిగులు పాటతోనే అందుకుని మెల్లగా గతి మారుస్తారు. మన పల్లెల్లో చావింటికి వచ్చిన ఆడవాళ్ళు ముందు శోకాలలో గొంతు కలిపి, ఆ తర్వాతే ఓదార్పు మాట ఎత్తుతారు. పని ఒకటే, పుస్తకం లేదంతే.

నాటక చికిత్సలో ‘దూరం’ కీలకం. తన కథ తానే ఆడితే గాయం రేగుతుంది; రాజు కథగానో నక్క కథగానో ఆడితే చెప్పగలుగుతాడు. రాబర్ట్ లాండీ దీన్ని సిద్ధాంతంగా రాశాడు. బర్మా కీలుబొమ్మలాట ‘యోథే’ ఈ కిటుకును ఎప్పుడో పట్టుకుంది. సంప్రదాయం ప్రకారం అందులో 28 బొమ్మలు. మనిషి నోటితో పైకి అనలేని మాటను దారాలకు వేలాడే చెక్కబొమ్మ అనగలిగేది. మన తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క తెర మీదికి వచ్చి ఊరి పెద్దల గుట్టు విప్పినట్టే.

జైలు రంగులు, ప్లాస్టరు చేతులు

యాంగూన్‌లో కళ, గాయం కలిసిన చోటును చూపించమంటే చూపించవలసినది ఠేన్ లిన్ పనిని. ఆయన చిత్రకారుడు, ‘అన్యెయింట్’ అనే జానపద హాస్యనాటకాల్లో నటుడు. 1998లో సైనిక ప్రభుత్వం ఆయన్ని జైల్లో పెట్టింది. 2004లో బయటికొచ్చాడు. ఆరేళ్ళకు పైబడిన ఆ కాలంలో కాన్వాసు లేదు, కుంచె లేదు. ఖైదీలు కట్టుకునే తెల్ల లుంగీ గుడ్డ కాన్వాసయింది. సిగరెట్ లైటరు చక్రం, ఇంజెక్షను సిరంజి, సబ్బు ముక్క, వేళ్ళు కుంచెలయ్యాయి. రంగులు కాపలాదారుల ద్వారా లోపలికి చేరాయి, బొమ్మలు దొంగచాటుగా బయటికి పోయాయి. వందల చిత్రాలు అలా పుట్టాయి.

ఇది చికిత్సా? కాదు. థెరపిస్టు లేడు, సెషన్ లేదు, భద్రత అసలే లేదు. చిత్రం దొరికితే శిక్ష. అయినా పిచ్చెక్కకుండా ఆ మనిషిని నిలబెట్టిన వాటిలో చిత్రలేఖనం ఒకటనడంలో సందేహం అక్కర్లేదు. రోజుకో లక్ష్యం ఉంది, చేతికి పని ఉంది, బయట ఎవరో ఒకరు చూస్తారన్న ఆశ ఉంది. చూసేవాడు కళ్ళెదుట లేకపోయినా ఊహలో ఉన్నాడు.

ఆయన 2013లో మొదలుపెట్టిన ‘ఎ షో ఆఫ్ హ్యాండ్స్’ ఇంకా ఆసక్తికరం. చేయి విరిగి ప్లాస్టరు కట్టు వేయించుకున్నప్పుడు వచ్చిన ఆలోచన. విరిగిన ఎముక అతుక్కునేదాకా పట్టి ఉంచేది ప్లాస్టరు, మరి విరిగిన మనిషిని, విరిగిన దేశాన్ని? పాత రాజకీయ ఖైదీలను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, కుడిచేతికి ప్లాస్టరు గుడ్డ చుట్టి, అచ్చు తీశాడు. వందల చేతులు పోగయ్యాయి. గుడ్డ తడిగా చేతికి చుట్టాక గట్టిపడేదాకా కదలకూడదు. ఆ కాసేపట్లో ఖైదీ తన కథ చెబుతాడు. ఏ జైలు, ఎన్నేళ్ళు, ఎందుకు. ఎదుట కూర్చుని చేయి పట్టుకుని వినేవాడు కూడా ఖైదీయే.

చికిత్స పాఠ్యపుస్తకాల్లోని లక్షణాలన్నీ ఇందులో ఉన్నాయి. స్పర్శ ఉంది, కానీ నియమం ప్రకారం. కాలానికి హద్దుంది, ప్లాస్టరు ఆరగానే ముగింపు. చేతిలో మిగిలే వస్తువుంది. వినే మనిషి ఉన్నాడు. వీటికి మించి సంఖ్య ఉంది: గోడ నిండా చేతులు చూసినప్పుడు తన ఒక్కడికే జరిగిందన్న సిగ్గు కరుగుతుంది. ఠేన్ లిన్ దీన్ని చికిత్స అని కాక కళ అనే ప్రదర్శించాడు, అది సబబే. ఒక తేడా మాత్రం మర్చిపోకూడదు. చికిత్సలో పుట్టిన బొమ్మ రోగి సొంత ఆస్తి, బీరువాలో తాళంలో ఉంటుంది. ఇక్కడ పుట్టిన చేయి ప్రదర్శనకు వెళ్తుంది, పేరుతో సహా. సాక్ష్యం చెప్పాలనుకున్నవాడికి అది గౌరవం, దాక్కోవాలనుకున్నవాడికి ప్రమాదం. 2022 ఆగస్టులో ఆయన్నీ, ఆయన భార్య, బ్రిటన్ మాజీ రాయబారి విక్కీ బోమన్‌నీ సైనిక ప్రభుత్వం మళ్ళీ జైల్లో పెట్టింది. నవంబరులో వదిలింది.

గుసగుస, పూనకం, గిన్నెల మోత

బోటాటౌంగ్ పగోడా ఆవరణలో బోబోజీ అనే క్షేత్రపాలకుడి విగ్రహం చేయి ముందుకు చాపి ఉంటుంది. భక్తులు ఆ వేలికి నుదురు ఆనించి కోరిక చెప్పుకుంటారు. ఎదురుగానే మ్య నన్ న్వే అనే నాగకన్య గుడి. ఆమె చెవిలో గుసగుసగా చెబుతారు. కోరిక తీరుతుందా అన్నది భక్తుల సంగతి. మనోవైద్యం వైపు నుంచి చూస్తే, మనసులో ఉన్నదాన్ని ఒక ఆకారం ఎదుట మాటల్లో పెట్టడం ఇక్కడ దినచర్య. ఆకారం తీర్పు చెప్పదు, ఎవరికీ చెప్పదు. మంచి థెరపిస్టు నుంచి కోరేది ఇంతకంటే ఎక్కువేం కాదు, కాస్త జవాబు తప్ప.

‘నాట్’ దేవతల కొలువుల్లో, సైంగ్ వైంగ్ మేళం హోరులో, ఆ దేవతలు పూనే ‘నాట్ కడో’లు పూనకంతో ఆడతారు. చూడటానికి వచ్చినవారికీ ఒక్కోసారి పూనుతుంది. ఏడుస్తారు, అరుస్తారు, తర్వాత తేలికపడి ఇంటికెళ్తారు. మన జాతరల్లో శివాలు ఊగడం చూసినవారికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. నాట్య చికిత్సకులు దీని నుంచి నేర్చుకున్నది ఉంది, జాగ్రత్తపడినదీ ఉంది. పూనకానికి చుట్టూ సంఘం కాపలా ఉంటుంది. మేళగాడికి ఎప్పుడు ఆపాలో తెలుసు. ఆ కాపలా లేకుండా ఏసీ గదిలో దరువు ఒక్కటే అరువు తెచ్చుకుంటే మనిషి ఊగి ఊగి ఎక్కడ తేలతాడో చెప్పలేం.

2021 ఫిబ్రవరి 1 సైనిక తిరుగుబాటు మర్నాటి రాత్రి నుంచి యాంగూన్ అంతటా ఎనిమిది గంటలకు గిన్నెలు, పళ్ళేలు మోగాయి. దయ్యాన్ని ఇంటి నుంచి వెళ్ళగొట్టడానికి బర్మాలో పాత ఆచారం అది. నిస్సహాయతలో చేయి ఏదో ఒకటి చేయగలగడం, పక్క మేడ నుంచి బదులు మోత వినిపించడం, ఈ రెండూ మనసుకు ఏం చేస్తాయో ఆ రోజుల్లో ఆ వీధుల్లో ఉన్నవారికి చెప్పక్కర్లేదు. అంతకుముందు 2008 మే 2, 3 తేదీల్లో నర్గీస్ తుపాను ఇరావతి డెల్టాను తుడిచిపెట్టినప్పుడు 84,500 మంది చనిపోయారని, 53,800 మంది జాడ తెలియలేదని లెక్క. యునిసెఫ్, సేవ్ ది చిల్డ్రన్ వంటి సంస్థలు పిల్లల కోసం గుడారాల్లో ఆటలు, పాటలు, బొమ్మలు పెట్టాయి. అవి కూడా అచ్చమైన చికిత్స కావు. పిల్లవాడికి మళ్ళీ ఒక వేళ, ఒక చోటు, ఒక పేరు పెట్టి పిలిచే మనిషి దొరికారు. ఎక్కువమంది పిల్లలకు అదే చాలు. చాలనివారిని గుర్తించి పైకి పంపడం గుడారం నడిపేవారి బాధ్యత.

రుజువుల సంగతి

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున డెయిసీ ఫాన్‌కోర్ట్, సెర్షా ఫిన్ 900కు పైగా ప్రచురణలను సమీక్షించి, కళలకు ఆరోగ్యంలో పాత్ర ఉందని తేల్చారు. 2017 కాక్రేన్ సమీక్ష 9 అధ్యయనాల్లోని 421 మందిని చూసి, కుంగుబాటుకు మామూలు చికిత్సతోపాటు సంగీత చికిత్స జోడిస్తే కొద్దికాలమైనా మేలు కనిపిస్తుందని చెప్పింది. 1986లో జేమ్స్ పెన్నబేకర్, శాండ్రా బీల్ విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు మనసులోని కష్టం రాయించారు. రాసినవారు తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి తక్కువసార్లు వెళ్ళారు.

ఎదురుమాట కూడా వినాలి. 2012లో ప్రచురితమైన బ్రిటన్ అధ్యయనం ‘మటీస్’ 417 మంది స్కిజోఫ్రీనియా రోగులను తీసుకుని, వారిలో కొందరికి గుంపులో చిత్రకళా చికిత్స ఇచ్చి చూస్తే, మామూలు వైద్యం కంటే అదనపు లాభం తేలలేదు. చాలామంది సెషన్లకు రానేలేదు. కళ సర్వరోగ నివారిణి అని బోర్డు కట్టేవారు ఈ ఒక్క కాగితాన్ని గోడకు అంటించుకుంటే మంచిది. మందులు అవసరమైనవారికి మందులే ఇవ్వాలి.

మొహమాటం

బర్మా వారి మర్యాదలో ‘ఆనాడే’ అనే భావం ఉంది. ఎదుటివారికి ఇబ్బంది కలుగుతుందేమోనని తన ఇబ్బందిని మింగేయడం. దీన్ని ఏ యూరపు భాషలోకి తేవాలన్నా పేరా రాయాలి. తెలుగులో ఒక్క మాట: మొహమాటం. థెరపిస్టు ‘ఈరోజు గీయాలని ఉందా?’ అంటే ఇష్టం లేకపోయినా ‘సరేనండి’ అనే రోగి యాంగూన్‌లోనూ ఉంటాడు, ఏలూరులోనూ ఉంటాడు. అందుకే ఇలాంటి చోట ‘వద్దు’ అనడానికి మాట అవసరం లేని దారి ముందే పెట్టాలి. కాగితాన్ని బోర్లా తిప్పితే చాలు, ఇవాళ్టికి అంతే అన్నట్టు.

బొమ్మకు అర్థం చెప్పే తొందర ఇంకో ముప్పు. నలుపు వాడితే దిగులు, ఇంటికి కిటికీలు లేకపోతే భయం అని చెప్పేవారు దొరుకుతారు. బర్మాలో ప్రతివారికీ పుట్టిన వారాన్ని బట్టి ఒక జంతువు ఉంటుంది. సోమవారం పులి, శనివారం నాగు, బుధవారం ఉదయం దంతాల ఏనుగు, బుధవారం మధ్యాహ్నం తర్వాత దంతాల్లేని ఏనుగు. ఒక పిల్లవాడు దంతాల్లేని ఏనుగును గీస్తే, పరాయి థెరపిస్టు అందులో శక్తి కోల్పోయిన తండ్రిని చూడొచ్చు. పిల్లవాడు బుధవారం సాయంత్రం పుట్టి ఉండొచ్చు, అంతే. అడగాలి. అడిగి, ఆగాలి.

మూడో ముప్పు రాజ్యానిది. నిఘా ఉన్న దేశంలో బొమ్మ సాక్ష్యమవుతుంది. సెషన్‌లో గీసిన సైనికుడి బొమ్మ తనిఖీలో దొరికితే గీసినవాడికీ, దాచినవాడికీ చేటు. అలాంటి చోట్ల చెరిగిపోయే వస్తువులే మేలు. పలకా సుద్ద, ఇసుక, తడిమట్టి, పాట.

చట్టం, శిక్షణ

బ్రిటిష్ వారి 1912 ఉన్మాద చట్టం భారతదేశానికీ బర్మాకూ ఉమ్మడి వారసత్వం. భారత్ దాన్ని 1987లో ఒకసారి, 2017లో ఇంకోసారి మార్చుకుంది. బర్మాలో దశాబ్దాల స్వాతంత్ర్యం తర్వాత కూడా ఆ 1912 చట్టమే నడిచింది. ఆసుపత్రులు తక్కువ, డాక్టర్లు తక్కువ అన్నప్పుడు మామూలు మనుషులకు శిక్షణ ఇవ్వడమే దారి. థాయ్ సరిహద్దులోని మేసోట్‌లో బర్మా శరణార్థుల నుంచే కొందరిని ఎంచి కౌన్సెలింగ్ నేర్పి, 347 మంది బాధితుల మీద పరీక్షిస్తే కుంగుబాటు, గాయపు లక్షణాలు బాగా తగ్గాయని 2014లో ప్రచురించారు. అది మాటల చికిత్స; అయినా తన భాషలో, తన మొహమాటం తెలిసిన మనిషి పక్కన కూర్చోవడం ఎంత పనిచేస్తుందో చూపింది. మన దగ్గర ‘కోల్‌కతా సంవేద్’ సంస్థ 2004 నుంచి అక్రమ రవాణా నుంచి బయటపడిన ఆడపిల్లలతో నాట్య చికిత్స చేస్తోంది, వారిలో కొందరిని శిక్షకులుగా తీర్చిదిద్దింది. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం షెడ్యూలులో కళ, నాట్య, చలన చికిత్సకులకు కూడా చోటు దక్కింది.

బర్మా క్యాంపు

1962లో సైన్యం అధికారం చేజిక్కించుకుని, తర్వాతి రెండేళ్ళలో వ్యాపారాలను జాతీయం చేసేసరికి బర్మాలోని భారతీయులు లక్షల సంఖ్యలో ఇల్లు వదిలి వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట ఆ రాకకు మిగిలిన గుర్తు. ఓడ దిగినప్పుడు పదేళ్ళ పిల్లలుగా ఉన్నవారు ఇప్పుడు డెబ్బై దాటారు. పెద్దవయసులో మనిషి తన బతుకును వెనక్కి తిరిగి చూసుకోవడం చాదస్తం కాదని, అవసరమైన మానసిక పని అని రాబర్ట్ బట్లర్ 1963లోనే రాశాడు. దాని మీద నిలబడిన జ్ఞాపకాల చికిత్స వృద్ధుల కుంగుబాటుకు ప్రపంచమంతటా వాడుకలో ఉంది. దానికి ఖరీదైన సరంజామా అక్కర్లేదు.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో రంగం నుంచి వచ్చిన పెద్దవారుంటే ఒక సాయంత్రం పెద్ద కాగితం, మెత్తని పెన్సిలు ముందు పెట్టండి. తాము పుట్టిన వీధిని గీయమనండి: రేవు ఎటు, పగోడా ఎటు, మొహింగా నూడుల్స్ అమ్మే బండి ఎక్కడ నిలిచేది, బడికి ఏ దారిన వెళ్ళేవారు. గీస్తూ ఆగిపోతే ఆగనివ్వండి, ఏడిస్తే నీళ్ళివ్వండి. వీధి అడ్డంగా గీసినా, నది తప్పు వైపు పారినా, ఫోన్‌లో మ్యాపు తీసి దిద్దకండి.